ఐదు నడకలు

2009 జనవరిలో, చైనాలోని నాన్‌జింగ్ నగరంలో, వేళ్లు కొంకర్లు పోయే చలిలో నేను రాసిన పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉంది: కాలేయానికీ గుండెకూ గల తల్లీబిడ్డల సంబంధాన్ని వివరించండి. కాలేయం చెట్టు వర్గానికి చెందినది, గుండె నిప్పు వర్గానికి చెందినది, చెట్టు నుండి నిప్పు పుడుతుంది కనుక కాలేయం తల్లి, గుండె బిడ్డ అని అరపుట రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. అదే వారంలో ఔషధశాస్త్రం పరీక్షలో, కాలేయం మందులను ఎలా విరిచి బయటకు పంపుతుందో వివరంగా రాశాను. రెండు జవాబులూ ఒకే కలంతో రాసినవే. ఆ రాత్రి హాస్టలు గదిలో తెలుగు కుర్రాళ్లమంతా చేరి ఆ తల్లీబిడ్డల మీద వేసుకున్న పరిహాసాలు ఇప్పుడు తలచుకుంటే కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గుకు కారణం చెప్పుకోవడానికే ఈ టపా. దానితో పాటు అంతకంటే పెద్ద సిగ్గు ఒకటి ఉంది, అదీ చెబుతాను.

మాది తెనాలి దగ్గర పల్లె. నన్ను చైనాలో వైద్యం చదివించడానికి నాన్నగారు రెండెకరాల మాగాణి అమ్మారు. 2006లో వెళ్లాను. ఆధునిక వైద్యంతో పాటు సంప్రదాయ చైనా వైద్యం కూడా మాకు తప్పనిసరి పాఠ్యాంశం. దానిని బోధించిన ఆవిడకు అప్పటికే అరవయ్యేళ్లు దగ్గరపడ్డాయి. చైనావారు గురువును లావ్‌షి అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. మొదటి రోజున బల్ల మీద మూడు అక్షరాలు రాసి, ఈయనెవరో తెలుసా అని అడిగారు. మాలో ఒక్కరికీ తెలియలేదు. క దిహువా. 1938లో భారత వైద్యబృందంతో చైనా వెళ్లి, యుద్ధరంగంలో సేవ చేసి, 1942 డిసెంబరులో అక్కడే కన్నుమూసిన మన ద్వారకానాథ్ కోట్నిస్‌కు చైనావారు పెట్టుకున్న పేరు అది. ఆ బృందంలోనే ఉన్న బిజయ్‌కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చరు నేర్చుకుని కలకత్తాకు తీసుకువచ్చారు. "మీ నుంచి మాకు బుద్ధుడు వచ్చాడు, మా నుంచి మీకు సూది వచ్చింది. లెక్క ఇంకా తేలలేదు" అన్నారు లావ్‌షి.

*

ఆ పాఠంలో మొట్టమొదటి పొరపాటు మన తెలుగువాళ్లదే. అయిదు అనగానే పంచభూతాలు అనుకున్నాం. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం మనకు పుట్టుకతో తెలిసినవే కదా, ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది అనుకున్నాం. చైనావారి అయిదింటిలో గాలి లేదు, ఆకాశం లేదు. వాటికి బదులు చెట్టు, లోహం ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైన భేదం పేరులోనే ఉంది. వారు వీటిని వూ షింగ్ అంటారు. వూ అంటే అయిదు. షింగ్ అంటే నడవడం, సాగడం. ఆ అక్షరం అతి ప్రాచీన రూపంలో నాలుగు దారులు కలిసే కూడలి బొమ్మ. తరువాత వచ్చిన పాశ్చాత్యులు గ్రీకుల అలవాటు చొప్పున దానిని "మూలకాలు" అని అనువదించారు. నేటి పండితులు చాలామంది "దశలు" అంటారు. నాకు మాత్రం "నడకలు" అన్న మాటే నచ్చుతుంది. భూతం అంటే వస్తువు దేనితో తయారైందో చెప్పేది. నడక అంటే అది ఎటు పోతోందో చెప్పేది. పైకి, బయటికి పొడుచుకువచ్చే కదలిక చెట్టు. ఎగసి వ్యాపించేది నిప్పు. నిలకడగా మోసేది మన్ను. లోపలికి ముడుచుకునేది లోహం. కిందికి ఇంకి నిలవ ఉండేది నీరు.

ఈ అయిదింటినీ రెండు వలయాలు కలుపుతాయి. మొదటిది పుట్టించే వలయం. చెట్టు నిప్పును పుట్టిస్తుంది, నిప్పు బూడిదై మన్నవుతుంది, మన్ను గర్భంలో లోహం పుడుతుంది, లోహం నుండి నీరు పుడుతుంది, నీరు చెట్టును పెంచుతుంది. లోహం నుండి నీరు ఎలా అని అడగకుండా ఉండలేకపోయాం. రాత్రి ఆరుబయట ఉంచిన కంచు అద్దం మీద తెల్లవారేసరికి మంచు పేరుకుంటుంది, చూడలేదా అన్నారు లావ్‌షి. రెండవది అదుపు చేసే వలయం. చెట్టు వేళ్లు మన్నును చీలుస్తాయి, మన్ను నీటికి కట్టవేస్తుంది, నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం చెట్టును నరుకుతుంది. తల్లి లేకపోతే బిడ్డ లేదు, అదుపు లేకపోతే బిడ్డ నిలవదు. సిద్ధాంతమంతా ఇంతే.

ఇక ఈ అయిదు గూళ్లలో వారు సర్దని వస్తువు లేదు. ఆకాశంలో కంటికి కనిపించే అయిదు గ్రహాలు: గురుడు చెట్టు, కుజుడు నిప్పు, శని మన్ను, శుక్రుడు లోహం, బుధుడు నీరు. ఋతువులు నాలుగే ఉన్నాయి కనుక మన్నుకు చోటు చాలలేదు. అప్పుడు ప్రతి ఋతువు చివరా పద్దెనిమిది రోజులు తీసి మన్నుకిచ్చారు. పద్దెనిమిది నాలుగులు డెబ్బయి రెండు. అయిదు డెబ్బయి రెండులు మూడు వందల అరవై. లెక్క ఎంత ముచ్చటగా కుదిరిందో చూడండి. రుచులు కూడా అయిదే: పులుపు, చేదు, తీపి, కారం, ఉప్పు. ఆరవదైన వగరును పులుపులో కలిపేశారు. ఆ సంవత్సరం ఉగాదికి హాస్టల్లో వేపపువ్వు దొరకక కాకరకాయ తురిమి పచ్చడి చేశాం. లావ్‌షికి ఒక గిన్నెలో పెట్టి ఇస్తే, శ్రద్ధగా రుచి చూసి, "మీకు ఒకటి ఎక్కువుంది" అన్నారు.

దేహంలో కాలేయం, గుండె, ప్లీహం, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు వరుసగా ఈ అయిదింటికీ చెందుతాయి. వాటిని అనుసరించే భావాలు కోపం, సంతోషం, ఎడతెగని ఆలోచన, దుఃఖం, భయం. ఇక్కడ ఒక మాట. ప్లీహం అని మనం అనువదించుకునేది వారి వైద్యంలో తిన్న తిండిని సారంగా మార్చే అవయవం. శరీరశాస్త్రంలోని ప్లీహానికి జీర్ణక్రియతో సంబంధం లేదు. కాబట్టి ఈ పేర్లను కోసి చూసిన అవయవాలుగా కాక, పనుల పేర్లుగా చదువుకోవాలి.

క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదిగా ఎంచే "హువాంగ్ది నైజింగ్"లో పసుపు చక్రవర్తి అడుగుతుంటే చీబో అనే వైద్యుడు ఇవన్నీ చెబుతాడు. దాని తరువాత వచ్చిన "నాన్‌జింగ్" ఎనభైఒక్క చిక్కుప్రశ్నల గ్రంథం. మా ఊరి పేరూ ఈ పుస్తకం పేరూ ఒకటేనని మేం భ్రమపడేవాళ్లం. స్వరం మారితే ఒకటి దక్షిణ రాజధాని, మరొకటి చిక్కుల గ్రంథం. సూదివైద్యానికి ఆయువుపట్టు వంటి నియమం అందులోని అరవై తొమ్మిదవ ప్రశ్నలో ఉంది. బలహీనమైనప్పుడు తల్లిని పోషించు, అధికమైనప్పుడు బిడ్డ నుండి తీసివేయి అన్నది దాని సారం. ముంజేతుల్లోనూ మోకాళ్ల కిందా ప్రతి నాడీమార్గం మీద అయిదేసి బిందువులుంటాయి. వాటికి బావి, ఊట, వాగు, ఏరు, సముద్రం అని నీటి పేర్లు. ఒక్కొక్కటి ఒక్కొక్క నడకకు చెందుతుంది. ఏ తల్లిని పోషించాలో తేల్చుకుంటే ఎక్కడ గుచ్చాలో తెలుస్తుంది.

ఇదంతా ఆదినుండీ ఇలాగే ఉందని కాదు. 1973లో మావాంగ్‌దుయి సమాధిలో బయటపడిన రాతప్రతులు క్రీస్తుకు పూర్వం 168లో పూడ్చినవి. వాటిలో నాడీమార్గాలు పదకొండే, సూది బిందువుల ఊసే లేదు. అయిదు నడకలు వైద్యంలో కన్నా ముందు రాజకీయంలో రాణించాయి. త్సౌ యెన్ అనే పండితుడు రాజవంశాలు ఈ వరుసలో ఒకదాన్నొకటి జయిస్తాయన్నాడు. చైనాను ఏకం చేసిన చిన్ చక్రవర్తి తనది నీటి వంశమని చెప్పి నలుపు రంగును స్వీకరించాడు.

నవ్వినవాళ్లం మేం మొదటివాళ్లమూ కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే ఆయన "లున్‌హెంగ్" అన్న గ్రంథంలో ఈ పట్టికను ఎద్దేవా చేశాడు. ఎలుక నీటికి చెందినదైతే, గుర్రం నిప్పుకు చెందినదైతే, నీరు నిప్పును జయించేదైతే, ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదని అడిగాడు. అంతకు ముందే మోజి అనుచరులు, ఏదీ శాశ్వతంగా జయించదు, ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుందన్నారు. చారెడు నీళ్లు ఊరు తగలబడుతుంటే ఏం చేస్తాయి? ఈ సంగతులు మాకు చెప్పింది కూడా లావ్‌షియే. నవ్వదలచుకుంటే చదువుకుని నవ్వండి అనేవారు.

*

2009 అక్టోబరులో ఒక తెల్లవారుజామున మూడున్నరకు తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పుడు మన దేశంలో రాత్రి ఒంటిగంట. "అన్నయ్యా, నాన్న పోయాడు" అన్నాడు. గుండెపోటు. రైల్లో షాంఘై, విమానంలో హైదరాబాదు, బస్సులో తెనాలి. నేను చేరేసరికి మూడవ రోజు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. పెద్దకొడుకుగా నాకు మిగిలింది చితాభస్మం ఉన్న కుండ. ఇల్లు చేరినప్పుడు అమ్మ నన్ను పట్టుకుని ఏడవలేదు. "అన్నం తిన్నావా" అని అడిగింది.

పెద్దకర్మ ముగిసిన తరువాత నాన్‌జింగ్ తిరిగి వెళ్లాను. వీధులకు రెండువైపులా ఉన్న ప్లేన్ చెట్ల ఆకులు రాలుతున్నాయి. అక్కడ దగ్గు మొదలైంది. పొడిదగ్గు. జ్వరం లేదు, కళ్లె లేదు. అది స్వైన్‌ఫ్లూ సంవత్సరం, దగ్గితే చాలు పక్కవాడు లేచి దూరంగా కూర్చునేవాడు. మందులు వాడాను, తగ్గలేదు. నాలుగు వారాలు గడిచాక లావ్‌షి ఓపీ చూసే రోజున వెళ్లి వరుసలో కూర్చున్నాను.

ఆవిడ మొదట ఎక్స్‌రే ఉందా అని అడిగారు. లేదన్నాను. "తీయించుకుని రా" అని పంపేశారు. రెండు గంటల తరువాత ఫిలిమ్ తెచ్చి ఇస్తే, వెలుతురుకు ఎత్తిపట్టి చాలాసేపు చూశారు. రక్తపరీక్ష కాగితం చదివారు. అప్పుడు పక్కన పెట్టి, నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించారు. నాలుక చూపమన్నారు. దగ్గు ఏ వేళ ఎక్కువ అని అడిగారు. తెల్లవారుజామున మూడు దాటాక మెలకువ వచ్చేస్తుందని చెప్పాను. వారి లెక్కలో మూడు నుండి అయిదు వరకు ఊపిరితిత్తుల వేళ. పాఠంలో చదివాను గనుక నాకూ తెలుసు. ఆవిడ నా ముఖంలోకి చూసి, "ఎవరు పోయారు?" అన్నారు.

నాలుగు వారాల్లో నన్ను ఆ మాట అడిగినవారు లేరు. తరగతిలో అందరికీ తెలుసు. తెలుసు కనుకనే అడగలేదు. చైనా భాషలో నాకు వచ్చిన కొద్ది మాటలతో చెప్పడం మొదలుపెట్టాను. తలకొరివి అన్నదానికి మాట దొరకలేదు. పెద్దకొడుకు చేయవలసిన పని చేయలేదని మాత్రం చెప్పగలిగాను. అదివారికి వివరించవలసిన పని లేని సంగతి. ఆవిడ తల ఊపారు.

ఊపిరితిత్తులు లోహం. లోహానికి తల్లి మన్ను. ఊపిరితిత్తుల మార్గంలో మన్నుకు చెందిన బిందువు మణికట్టు గీత మీద, బొటనవేలి వైపు, నాడి కొట్టుకునే చోటికి పక్కనే ఉంటుంది. దాని పేరు తాయ్‌యువాన్, మహా అగాధం. వెంట్రుక కంటే కొంచెం లావైన సూదిని ధమనికి తగలకుండా పక్కకు తప్పించి గుచ్చారు. నొప్పి లేదు. చేయి బరువెక్కి, మొద్దుబారినట్టయి, ఏదో మోచేతి వైపు పాకినట్టనిపించింది. రెండవ సూది మోకాలి కింద, కడుపు మార్గం మీద. "తల్లిని పోషించాలి. నువ్వు సరిగా తింటున్నావా?" అన్నారు. తినడం లేదని చెప్పాను. "మీ అమ్మ ఎలా ఉంది?" అన్నారు. ఆ ప్రశ్నకు కళ్ల వెంట నీళ్లు కారాయి. రెండు చేతులకూ సూదులుండటం వల్ల తుడుచుకోవడం కుదరలేదు. ఆవిడే కాగితపు రుమాలుతో తుడిచారు.

తరువాతి వారం నేను ఒక సందేహం అడిగాను. 12, 13 శతాబ్దాల్లో జీవించిన జాంగ్ త్సోంగ్‌జెంగ్ అనే వైద్యుడి కథ మా పాఠంలో ఉంది. ఎడతెగని ఆలోచనలతో రెండేళ్లుగా నిద్ర లేని ఒక ధనవంతురాలి ఇంటికి ఆయన వెళ్లాడు. భర్తతో ముందే మాట్లాడుకుని, డబ్బు దండిగా తీసుకుని, రోజుల తరబడి మద్యం తాగి, మందు రాయకుండానే వెళ్లిపోయాడు. ఆవిడకు ఒళ్లు మండే కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టింది. ఆలోచన మన్ను, కోపం చెట్టు. చెట్టు మన్నును జయించింది. అదే లెక్కన నిప్పు లోహాన్ని జయిస్తుంది, సంతోషం దుఃఖాన్ని జయిస్తుంది. మరి నన్ను నవ్వించలేదేం అన్నాను. "నెల కింద తండ్రి పోయినవాణ్ణి నవ్వించడం వైద్యం కాదు, అమర్యాద" అన్నారు లావ్‌షి.

మూడు వారాల్లో దగ్గు పోయింది. జావ తాగాను, నిద్రపోయాను, అమ్మకు రోజూ ఫోన్ చేశాను.

*

ఇప్పుడు వైద్యుడిగా దీనిని ఎలా అర్థం చేసుకోవాలి? జలుబు తరువాత మిగిలే పొడిదగ్గు మూడు నుండి ఎనిమిది వారాల్లో తనంతట తానే పోతుంది. నాదీ ఆ గడువులోనే పోయింది. మూడు గంటలకు మెలకువ రావడానికి ఊపిరితిత్తుల వేళ అక్కరలేదు, తమ్ముడి ఫోన్ వచ్చిన వేళ చాలు. సూదుల సంగతికి వస్తే, 2007లో జర్మనీ పరిశోధకులు దీర్ఘకాలపు నడుమునొప్పి ఉన్న 1,162 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. శాస్త్రోక్తమైన బిందువులలో గుచ్చినవారిలో 47.6 శాతం మందికి ఆరు నెలల తరువాత గుణం కనిపించింది. బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి కనిపించింది. మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం పొందినవారిలో 27.4 శాతం. ఆ తరువాత 2012లో దాదాపు 18,000 మంది రోగుల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, సరైన చోట గుచ్చడానికీ ఉత్తుత్తిగా గుచ్చడానికీ నడుమ తేడా ఉందనీ, అది చిన్నదనీ తేలింది. సూదివైద్యంలో మేలు ఉంది. ఆ మేలులో అయిదు నడకల పటం వాటా తక్కువ. పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని, అడగవలసినది అడిగే మనిషి వాటా ఎక్కువ. ఇలా సర్దిచెప్పుకుని, స్క్రీనింగు పరీక్ష గట్టెక్కి, మా ప్రాంతంలోనే ప్రాక్టీసు పెట్టుకున్నాను. సూదులు వాడను. అడగడం మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకున్నాననుకున్నాను.

2017లో యాభై ఏళ్లు దాటిన ఒకామె పదిరోజులుగా దగ్గని వచ్చింది. మందు రాస్తూ ఇంటి సంగతులు అడిగాను. భర్త పోయి రెండు నెలలు. చెబుతూ ఏడ్చింది. చాలాసేపు విన్నాను. వెళ్లేటప్పుడు, "ఇంతసేపు ఎవరూ వినలేదు బాబూ" అన్నది. నాకు తృప్తిగా అనిపించింది. రెండు వారాల తరువాత మళ్లీ వచ్చింది, దగ్గు తగ్గలేదు. కొంచెం చిక్కింది. అన్నం సయించడం లేదన్నది. నా మనసులో ఆ పట్టిక కదిలింది. దుఃఖం, ఊపిరితిత్తులు, తల్లి బలహీనపడి తిండి సయించకపోవడం. అన్నీ ముచ్చటగా కుదిరాయి. మళ్లీ విన్నాను, మళ్లీ ఓదార్చాను, బలానికి మందు రాశాను. మూడవసారి ఆమె వచ్చేసరికి ఆరు వారాలు దాటింది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు. అప్పుడు కళ్లె పరీక్షకు పంపాను. క్షయ.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్లె పరీక్ష చేయించాలని నా గది గోడ మీదే అంటించి ఉంది. ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చుని ఆమె దుఃఖాన్ని విన్నాను. ఇంట్లో ఆమె పక్కలో పడుకునే మూడేళ్ల మనవడు ఉన్నాడు. వాడికి పరీక్షలు చేయించే రోజున నాకు చేతులు ఆడలేదు. వాడికి జబ్బు లేదు. ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ ఆరు నెలలు వాడవలసి వచ్చింది. ఆమె కూడా ఆరు నెలల మందు ఒక్కరోజు తప్పకుండా మింగి కోలుకుంది. ఆలస్యం నాదని ఆమెతో చెప్పాను. "మీరు మంచిగానే చూశారు బాబూ" అన్నది. ఆ మాట నాకు శిక్షలాగే ఉంది.

ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదని వాంగ్ చోంగ్ అడిగినది ఈ ప్రమాదం గురించేనేమో. అన్నీ కుదిరే పట్టిక మనల్ని బయటికి చూడనివ్వదు. కుదరని వస్తువు కనిపించినా దానికీ ఒక పద్దెనిమిది రోజులు సర్ది ఇచ్చేస్తాం. మరి ఆ పట్టికే లేకపోతే నన్ను ఆనాడు ఎవరు పోయారని అడిగేవారా? అడిగేవారు కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఈ రెండు మాటలూ నాలో ఒకదాన్నొకటి ఇంకా జయించలేదు.

లావ్‌షి గదిలో జరిగినదంతా ఎన్నోసార్లు ఎందరికో చెప్పాను. సూది చెప్పాను, అగాధం చెప్పాను, కన్నీళ్లు చెప్పాను. ఎక్స్‌రే తీయించుకుని రమ్మని ఆవిడ నన్ను ముందు పంపేసిన సంగతి మాత్రం ఏనాడూ చెప్పలేదు. కథకు అడ్డమని వదిలేసేవాణ్ణి. అది కథలో మొదటి భాగమని మామ్మ దగ్గులో తెలుసుకున్నాను.

ఇప్పుడు దగ్గుతో వచ్చినవారిని రెండూ అడుగుతాను. వరుస మాత్రం మార్చను.